అమ్మ వంటింట్లో నల్లమందు

నల్లమందు మీద చట్టం వచ్చిన ఆ వేసవిలో మా ఇల్లు రెండు దేశాలైంది. ముందున్న కొట్టు చైనా, వెనకున్న వంటిల్లు ఐర్లండు. మధ్యలో ఒక తలుపు. ఆ తలుపు దగ్గర నిలబడి అటు మాట ఇటూ, ఇటు మాట అటూ అందిస్తూ నేను. అప్పటికి నాకు పదహారేళ్ళు. ఎవరు ఎందుకు ఏం చేస్తున్నారో సగం కూడా అర్థం కాలేదు. ఇన్నేళ్ళ తరవాత ఇంకాస్త అర్థమైందనుకోండి, అయినా సగం దాటలేదు.

చట్టం కాగితం తెచ్చి మా కొట్టు గోడకి అతికించింది కానిస్టేబుల్ పార్. ఆయన మాకు కొత్తవాడేం కాదు. ఏటా క్రిస్మస్‌కి నాన్న ఇచ్చే అల్లం పాకం జాడీ చంకన పెట్టుకుని వెళ్ళేవాడు. అమ్మా నాన్నల పెళ్ళికి సాక్షి సంతకం పెట్టింది కూడా ఆయనే. ఆ రోజు మాత్రం జిగురు కుంచె పట్టుకుని, మా మొహాలు చూడకుండా గోడతోనే మాట్లాడాడు.

"చూడు కెంగ్, ఇకమీదట పొగ తాగే నల్లమందు తేకూడదు, అమ్మకూడదు, తాగకూడదు. అదీ సంగతి."

నాన్న కాగితం దగ్గరికి వెళ్ళి చూశాడు. ఆయనకి ఇంగ్లీషు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అయినా చదువుతున్నట్టే చాలాసేపు చూశాడు.

"మొన్నటిదాకా మీ రేవులోనే సుంకం కట్టించుకుని, ముద్ర కొట్టి మరీ ఇచ్చారుగా?" అన్నాడు.

"ఇచ్చారు."

"ఆ ముద్ర అబద్ధమా?"

"ముద్ర నిజమే. చట్టం మారింది."

"మరి ఇంట్లో ఉన్నదాన్నేం చెయ్యాలి?"

"ఉందా?" అనేసి, పార్ వెంటనే చెయ్యెత్తాడు. "వద్దు, చెప్పకు. నాకు తెలియనక్కర్లేదు."

ఉంది. అరడబ్బా. అది అమ్మకానికి కాదు, సామ్ తాతది. తాత నాన్నకి మూడో చిన్నాన్న. మా వాళ్ళ భాషలో సామ్ అంటే మూడు. ఊళ్ళో తెల్లవాళ్ళు అదే ఆయన పేరనుకుని ముసలి సామ్ అని పిలిచేవారు, ఆయనా పలికేవాడు. మేముండే ఈ ఆటాగో సీమ వాగుల్లో బంగారం కోసం మంచునీళ్ళలో నిలబడి నిలబడి ఎముకల్లోకి చలి ఎక్కించుకున్నాడు. పొద్దునో గొట్టం, సాయంత్రమో గొట్టం పొగ పీలిస్తే లేచి నాలుగడుగులు వేసేవాడు. లేకపోతే ముక్కు కారుతూ, ఒళ్ళు విరుచుకుపోతూ మంచంలో ముడుచుకుపోయేవాడు.

మా చైనా కొత్త సంవత్సరం వెళ్ళగానే డనీడిన్ రేవు నుంచి బయల్దేరే ఓడలో ఆయన్ని చైనాలో మా ఊరికి పంపాలి. ఊరి చివర మా చైనావాళ్ళ క్యాంపులో వాళ్ళంతా చందాలేసుకుని టిక్కెట్టు కొన్నారు. తాతకి చావంటే భయం లేదు, ఈ మట్టిలో చావడమంటేనే భయం. "ఇక్కడ చస్తే పక్క గోతుల్లో వాళ్ళతో ఇంగ్లీషులో మాట్లాడాలే, నా వల్ల ఎక్కడవుతుందే పిల్లా!" అని నా దగ్గర మొత్తుకునేవాడు. ఇప్పుడు పట్టుబడితే జైలు. ఓడ ఎవరి కోసమూ ఆగదు. ఆ జైల్లోంచి తాత ప్రాణంతో బయటికి రాడని మాకందరికీ తెలుసు.

"ఇంకో మాట," అన్నాడు పార్, కాగితం మూలలు అదుముతూ. "చైనావాళ్ళుండే ఇంట్లోకైతే, అనుమానం వస్తే, కోర్టు కాగితం లేకుండానే మేం రావచ్చు. తెల్లవాళ్ళ ఇంట్లోకైతే కాగితం ఉండాలి."

అమ్మ తలుపులోంచి బయటికి వచ్చింది. మోచేతుల దాకా పిండి. "అయితే డంకన్ పార్, ఇది ఎవరిల్లంటావ్?"

పార్ తల గోక్కున్నాడు. పాపం, ఆ ప్రశ్న వస్తుందని ముందే భయపడ్డట్టున్నాడు.

"కోర్టు గుమస్తాని అడిగానమ్మా. పెళ్ళయిన ఆడది మొగుడి దేశానిదే అవుతుందట. అంటే లెక్కకి నువ్వు కూడా చైనాదానివే."

"నేనా! ఐర్లండు టిప్పరరీలో పుట్టినదాన్ని, ఈ ఎర్రజుట్టు పెట్టుకుని, నేను చైనాదాన్నా! కాగితం లేకుండా నా వంటింట్లోకి ఎవడొస్తాడో రమ్మను, పెనంతో పలకరిస్తాను."

"గుమస్తా అలా అన్నాడు. మేజిస్ట్రేటు ఏమంటాడో ఆయనకే తెలీదు," అని పార్ కుంచె బకెట్లో పడేసి బతుకుజీవుడా అని వెళ్ళిపోయాడు.

నాన్న, అమ్మ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ పొగ వాసన తలుపు దాటితే అమ్మ ఇల్లెగిరిపోయేలా అరిచేది, తన రొట్టెలకి ఆ కంపు పడుతుందని. అలాంటి అమ్మ చేతుల పిండి దులుపుకుని, "ఆ ముసలాణ్ణి ఇవతలికి తీసుకురా. ఓడ వచ్చేదాకానే, చెప్తున్నా," అంది. ఎందుకంది? జాలా, లేక వంటిల్లు తనదని పార్‌కి చూపించాలన్న పంతమా? అడిగితే నా వీపు మోగేది కాబట్టి అడగలేదు.

అలా తాత అమ్మ వంటింట్లోకి కాపురం మార్చాడు. పొయ్యి పక్కన బల్ల మీద చాప, దాని మీద తాత. పైన గోడకి అమ్మ యేసుప్రభువు పటం. అమ్మ ఇంగ్లీషులో తిట్టేది, తాత చైనా భాషలో తిట్టేవాడు.

"కాళ్ళు తీయవయ్యా, దారికడ్డంగా దుంగలా పడుకున్నావ్!"

"ఈ ఎర్రజుట్టుది బియ్యం కడగదే! ఇన్నేళ్ళూ మావాడు మట్టి తిన్నాడు!"

మొదట్లో ఒకరి మాట ఒకరికి చేరవేశాను. అది చాలా పెద్ద పొరపాటని రెండో రోజుకే తెలిసొచ్చింది. తరవాత నోరు మూసుకున్నాను. అప్పణ్ణించి ఇద్దరూ హాయిగా తిట్టుకుంటూ, పక్కపక్కన కూర్చుని బంగాళాదుంపలు వొలిచేవాళ్ళు. తాత తొక్క ఎంత పల్చగా తీసేవాడంటే అమ్మ దాన్ని వెలుగులో పెట్టి చూసి తల ఊపేది.

అమ్మకి దగ్గుండేది. ఊళ్ళో మందుల షాపు నుంచి గోధుమరంగు సీసా తెచ్చుకుని చెంచాడు తాగేది. ఒకరోజు తాత ఆ సీసా బిరడా తీసి వాసన చూసి, బల్ల మీద పడి నవ్వాడు.

"ఇది మనదే! నల్లమందే! నీళ్ళు కలిపారు, దొంగ వెధవలు!"

నేను ఆ మాట అమ్మకి చెప్పాను. అమ్మ నమ్మలేదు. మర్నాడు షాపుకెళ్ళి అడిగితే, అవును, కాస్త ఉంటుంది, లేకపోతే దగ్గెలా తగ్గుతుంది, అన్నాడట షాపతను. అమ్మ సీసా చేతిలో తిప్పుకుంటూ ఇంటికొచ్చింది. "నేను తాగితే మందట, ఆయన తాగితే నేరమట. వీళ్ళకి మతి గానీ పోయిందా?" అంది నాన్నతో. నాన్న సీసాని డబ్బా పక్కన పెట్టి చూశాడు. సీసా మీదా ముద్ర ఉంది, డబ్బా మీదా ముద్ర ఉంది. ఏ ముద్ర ఎప్పుడు మంచిదో మాకెవరికీ అంతుపట్టలేదు.

ఇంతలో చైనా లెక్కలో పన్నెండో నెల చివరికొచ్చింది. మా వాళ్ళ ప్రతి ఇంట్లో పొయ్యి దగ్గర కాగితం మీద అచ్చేసిన పొయ్యి దేవుడుంటాడు. ఏడాదంతా ఇంట్లో జరిగేవన్నీ చూస్తూ కూర్చుంటాడు. ఏడాది చివర ఆయన్ని కాలుస్తారు. పొగతో పైకి వెళ్ళి, పైనున్న చక్రవర్తికి ఇంటి సంగతులన్నీ చెప్పేస్తాడు. అందుకే పంపేముందు మూతికి తేనె పూస్తారు, తీపి మాటలే చెప్పమని. నాన్న ఆ దేవుణ్ణి కొట్టు వెనక చిన్న పొయ్యి దగ్గర పెట్టుకునేవాడు. తాత వంటింట్లోకి వచ్చాక, తన దేవుడు కూడా తనతోనే ఉండాలని పట్టుబట్టాడు. అమ్మ మూడు రోజులు గొడవపడి ఒప్పుకుంది, ఆ దేవుడి మొహం యేసుప్రభువు వైపు తిప్పకూడదన్న షరతు మీద.

దేవుణ్ణి పంపే రోజు మధ్యాహ్నం. ఎండ మండిపోతోంది, కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. నాన్న తేనె గిన్నె తెచ్చాడు. తాత వద్దన్నాడు.

"ఈ ఏడాది తేనె చాలదురా. తేనె పూస్తే తీపిగా చెప్తాడు, చెప్పడం మాత్రం మానడు. చట్టం తప్పామని, ఆడదాని వంటింట్లో నక్కామని చెప్పేస్తే? నా ఓడ ఆపేస్తే?" అని డబ్బా తీశాడు. అడుగున మిగిలిందంతా వేలితో గీకి, ఆ కాగితం మూతికి మందంగా పూశాడు. "నిద్రపోతూ వెళ్తాడు. అడిగినా నోరు విప్పడు."

"అదే ఆఖరిది, చిన్నాన్నా!" అన్నాడు నాన్న, ప్రాణం పోయినంత పని అయి.

"తెలుసు. ఆఖరిదైతేనే ఆయనకి గౌరవం."

అని కాగితాన్ని అమ్మ పొయ్యిలో పెట్టాడు. భగ్గుమంది. తియ్యటి పొగ చిక్కగా కిటికీలోంచి వీధిలోకి వెళ్ళింది. దేవుడు పైకే వెళ్ళాడో, పక్కకి వెళ్ళాడో గానీ, ఆ రోజే క్యాంపు చూడ్డానికి డనీడిన్ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు ముక్కులోకి మాత్రం తిన్నగా వెళ్ళాడు.

ఇన్‌స్పెక్టరు వంటింటి గుమ్మం ముందు నిలబడ్డాడు, సన్నగా, మీసాలకి మైనం రాసుకుని. వెనక పార్. పొయ్యి పక్కన ఖాళీ డబ్బా, బల్ల కింద గొట్టం, బల్ల మీద తాత. గడప దాటి రెండడుగులు వేస్తే అన్నీ కనిపిస్తాయి.

"ఎవరు తాగారిక్కడ?" అన్నాడు.

"దేవుడు," అన్నాను నేను. అది నిజమే. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇది ఎవరి ఇల్లు?"

"నాది," అంది అమ్మ, గుమ్మానికి అడ్డం వచ్చి. "కాగితం చూపించి లోపలికి రండి."

"నీ పేరు?"

అమ్మ నోరు తెరిచింది. తన పేరులో నాన్న ఇంటిపేరు ఉంది. అది చెబితే గుమస్తా లెక్క ప్రకారం ఇది చైనావాడి ఇల్లు, కాగితం అక్కర్లేదు. అది నాకు ఆ క్షణంలో తట్టలేదు. నాన్నకి తట్టింది. కొట్టు తలుపు దగ్గర్నుంచి తల వంచుకుని ముందుకొచ్చాడు. ఎప్పుడూ లేనంత వంకరగా, ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషు మాట్లాడాడు.

"ఇల్లు మిస్సెస్‌ది, అయ్యా. కొట్టూ మిస్సెస్‌దే. నేను పనివాణ్ణి."

ఇన్‌స్పెక్టరు వేలు నా వైపు తిరిగింది. "మరి ఈ అమ్మాయి?"

నా మొహం నాన్న మొహమే, అందరూ అనేవారు. నాన్న నన్ను చూడలేదు.

"మిస్సెస్ కూతురు," అన్నాడు.

ఇన్‌స్పెక్టరు అమ్మ వైపు ఒక చూపు చూశాడు. మొగుడు లేకుండా పిల్లని కన్న ఆడదాని వైపు చూసే చూపు. అమ్మ మెడ దాకా ఎర్రబడింది, గుమ్మంలోంచి మాత్రం కదల్లేదు. పార్ తన బూట్లు చూసుకుంటున్నాడు, పెళ్ళి సాక్షి. ఇన్‌స్పెక్టరు ఆ మాటలన్నీ రాసుకుని, కాగితంతో వస్తానని వెళ్ళాడు. మేజిస్ట్రేటేమో చేపలు పట్టడానికి సరస్సు దగ్గరికి పోయాడట, ఎప్పుడొస్తాడో ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రమే డబ్బా, గొట్టం వాగులో కలిశాయి.

వాళ్ళు వెళ్ళగానే తాత నా చెయ్యి పట్టుకున్నాడు. "ఏమన్నాడే మావాడు?"

చెప్పక తప్పలేదు. చెప్పాను. తాత పొయ్యిలో బూడిద వైపు చూశాడు, తరవాత నాన్న వైపు.

"బెంగపడకురా. దేవుడు అప్పటికే వెళ్ళిపోయాడు. ఆ మాట ఎవరూ వినలేదు."

అమ్మ నన్ను అడిగింది, ముసలాయన ఏమంటున్నాడని. అదీ చెప్పాను.

"నేను విన్నానని చెప్పు," అంది అమ్మ.

ఆ తరవాత అమ్మ నాన్నతో మాట్లాడలేదు. నాన్న కొట్టులో బస్తాల మీద పడుకునేవాడు. వంటింట్లోకి రావాలంటే తలుపు తట్టేవాడు, అదంతా నాకు పిచ్చిగా ఉండేది. మమ్మల్ని కాపాడినందుకు అమ్మకి కోపమా? అయితే తాతని జైలుకి పంపాల్సిందా? నాన్నని తల్చుకుంటే ఏడుపొచ్చేది, అమ్మని తల్చుకుంటే కోపమొచ్చేది, మర్నాటికి అవి అటూ ఇటూ మారిపోయేవి.

మందు లేక తాత పడిపోయాడు. దుప్పట్లు కప్పినా వణుకు. అమ్మే తన సీసాలోంచి చెంచాతో పోసింది, పోస్తూ తిట్టింది. తాత తిట్టడం మానేశాడు. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. ఆ చెంచాలతోనే కొన్నాళ్ళకి మెల్లగా లేచి కూర్చున్నాడు. సిడ్నీ చేరితే చాలని నాన్న అనేవాడు. అక్కడ ‘లో’ అనే మా ఇంటిపేరు వాళ్ళ కొట్టుంది, అక్కడ ఈ చట్టం ఇంకా రాలేదు. సముద్రం దాటితే అదే నల్లమందు నేరం కాదట!

బయల్దేరే ముందురోజు పార్ వచ్చాడు, లోపలికి రాకుండా కిటికీలోంచే అమ్మతో మాట్లాడాడు.

"రేవులో చైనావాళ్ళ మూటలన్నీ విప్పుతున్నారు హొనోరా. నీ దగ్గుమందు సీసాలు ముసలాయన మూటలో దొరికితే మందనరు."

అమ్మ సరేనంది.

డనీడిన్ రేవులో గాలి టోపీలెగరగొడుతోంది. మా వాళ్ళు వరసగా నిలబడ్డారు, మూటలు విప్పి నేల మీద పరిచి. తాతని నాన్న ఒక పక్క, నేనొక పక్క పట్టుకున్నాం. ఓడ గుమస్తా అమ్మని చూసి టోపీ ముట్టుకున్నాడు.

"అమ్మగారూ, మీ పనివాళ్ళిద్దరిలో ఎక్కేదెవరండీ?"

"నాకు పనివాళ్ళెవరూ లేరు," అంది అమ్మ, వరసలో అందరికీ వినపడేలా. "ఇతను నా భర్త. ఆ పెద్దాయన మా చిన్నమామగారు. ఎక్కేది ఆయనా, నేనూ."

చేతిసంచీలోంచి తన టిక్కెట్టు తీసి ఇచ్చింది. సంచీలో సీసాలు ఒకదానికొకటి తగిలి చప్పుడయ్యాయి. ఆడవాళ్ళ సంచీ విప్పమని ఎవరూ అడగలేదు. తాత మూట మాత్రం రెండుసార్లు దులిపారు.

"హొనోరా," అన్నాడు నాన్న.

"పెరట్లో కూరమొక్కలకి నీళ్ళు పొయ్యండి," అంది అమ్మ, నాన్నకో నాకో తెలియకుండా. తాత చంక కింద చెయ్యేసి, విసుక్కుంటూ మెట్లెక్కించింది. తాత పైకెళ్ళాక ఏదో అన్నాడు, అమ్మ ఏదో తిరిగి అంది. గాలికి వినపడలేదు. తిరుగు టిక్కెట్టు కొందా అని అడగాలని నాకూ ఉంది, నాన్నకీ ఉంది. ఇద్దరం అడగలేదు.

రైల్లో కొంత, బండిలో కొంత ప్రయాణం. మర్నాడు మధ్యాహ్నానికి ఇల్లు చేరితే గుమ్మం ముందు ఇన్‌స్పెక్టరు, పార్.

"మీ యజమానురాలేదీ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. చేతిలో కాగితం లేదు. మేజిస్ట్రేటు ఇంకా చేపలే పడుతున్నట్టున్నాడు.

పార్ నాన్న వైపు చూసి కళ్ళతోనే సైగ చేశాడు. నాకు కూడా అర్థమైంది. మిస్సెస్ ఊరెళ్ళింది, నేను కాపలా ఉన్నాను అంటే చాలు, వెళ్ళిపోతారు. తాతకి దాచుకునే అలవాటుందని నాకు తెలుసు. ఏ సందులో ఏ నల్లమందు ఉండ దాచి మరిచిపోయాడో మాకెవరికీ తెలియదు. ఒక్క ఉండ దొరికినా ఈసారి జైలుకి వెళ్ళేది నాన్నే. నేను నాన్న చొక్కా పట్టుకుని లాగాను.

నాన్న జేబులోంచి తాళంచెవి తీశాడు. ఈసారి ఇంగ్లీషు వంకర పోలేదు.

"యజమానురాలు కాదు. నా భార్య. మా చిన్నాన్నని ఓడలో దిగబెట్టడానికి వెళ్ళింది. ఇది నా కూతురు. ఇల్లు నాది. చైనావాడి ఇల్లు, మీకు కాగితం అక్కర్లేదు. రండి."

ఇన్‌స్పెక్టరు తెల్లబోయి పార్ వైపు చూశాడు. ఈసారి పార్ బూట్లు చూసుకోలేదు. "అవునండీ. ఆ పెళ్ళికి సాక్షి నేనే," అన్నాడు.

వెతికారు. బియ్యం బస్తా, పిండి బస్తా కుమ్మరించారు, టీ డబ్బాలు బోర్లించారు. అమ్మ నీలం పళ్ళేలు రెండు పగిలాయి. నాన్న వాళ్ళ వెనకాలే తిరుగుతూ, "ఆ అర చూడలేదు, అదీ నాదే. పొయ్యి కింద చూడండి, ఆ పొయ్యీ నాదే," అని చూపించాడు. ఆయనకి మతి పోయిందేమోనని భయపడ్డాను. ఏమీ దొరకలేదు. చివరికి ఇన్‌స్పెక్టరు చేతుల పిండి దులుపుకుని, "ఇక చాలు," అన్నాడు.

"చాలదు," అన్నాడు నాన్న. "నేనూ నా భార్యా పడుకునే గది ఇంకా చూడలేదు మీరు. ఒకటే మంచం ఉంటుంది. అదీ చూసి, ఆ రోజు రాసుకున్నది కొట్టేసి, ఇది రాసుకోండి," అని ఆ గది తలుపు బార్లా తెరిచాడు.